షాన్సీ బీరువా విప్పి బిగించడం: నా అనుభవం

ఉత్తర చైనాలో, ముఖ్యంగా షాన్సీలో, పాత ఇళ్ల నుంచి మ్యెన్‌త్యావ్‌గ్వే అనే రకం బీరువాలు వస్తుంటాయి. నాలుగు కోళ్లూ, అంటే మూలల్లో నిలువు కాళ్లు, లోపలికి వాలి ఉంటాయి కాబట్టి పైకి పోయేకొద్దీ బీరువా సన్నబడుతుంది. ఎక్కడా ఇనుప బందులు ఉండవు. బీజింగ్‌లో కొన్న అలాంటిదాన్ని పూర్తిగా విప్పి, బాగుచేసి మళ్లీ బిగించాను. యూము చెక్క, అంటే ఎల్మ్. ఎత్తు 170 సెంటీమీటర్లు, అడుగున వెడల్పు 95.

ఎర్రచందనం కాదా అని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. చైనా చింగ్ రాజులు మోజుపడ్డ జితాన్ అనే కలప మన శేషాచలం ఎర్రచందనమే, కానీ అది రాజభవనాల సరుకు. 1995 నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, కాగితాలు లేకుండా సరిహద్దు దాటదు. ఊళ్లలో వాడుకున్నది యూమే.

కొనేముందు ముఖం కాదు, వీపు చూడాలి. వెనక పలకల మీద వంపు తిరిగిన రంపపు గీతలుంటే అది మిషన్ కోత. ఏ ముక్కా దిగని ఖాళీ బెజ్జాలు కనిపిస్తే వేరే సామాను విరగ్గొట్టి అతికినదే. తర్వాత పాదాలు. ఇటుక నేల తేమను పాదం కొస పీల్చుకుని కుళ్లుతుంది, కుళ్లినంత మేరా కోసేస్తారు. అందుకే అడుగు పట్టీ నేలకు మరీ దగ్గరగా ఉంటే కోళ్లు పొట్టి చేశారని అర్థం.

విప్పడం తలుపులతో మొదలు. రెండు తలుపుల మధ్య నిలువు బద్ద ఊడి వస్తుంది, ముందు దాన్ని తీయాలి. అప్పట్లో బట్టలు హ్యాంగర్లకు తగిలించేవారు కాదు, పొడుగ్గా మడిచి పరిచేవారు. ఆ బద్ద తీస్తేనే మడత అడ్డంగా లోపలికి పోతుంది. తలుపులు, బద్ద, మూడింటినీ కలిపి ఒకే అడ్డ తాళం వేస్తారు. తలుపుల కిందుగా ఒక గుప్త అర ఉంటుంది, దాని మూత బీరువా అడుగు పలకే. విలువైనవీ, ఆ కాలానికి అక్కర్లేని బట్టలూ అందులో దాచేవారు.

తలుపు తిరిగేది మన పాత ఇళ్ల తలుపుల పద్ధతిలోనే: పక్క బద్ద కొసలు పైనా కిందా గుంటల్లో కూర్చుంటాయి. పై గుంట లోతు ఎక్కువ. సగం తెరిచి పైకెత్తితే కింది కొస బయటపడుతుంది, అప్పుడు అడుగును ముందుకు లాగి దించాలి. వాలు వల్ల సగం తెరిచిన తలుపు తనంతట తానే మూసుకుంటుంది. నా బీరువా తలుపు కింది పట్టీని రాస్తోంది, కింది గుంట అరిగిపోయింది. 2 మిల్లీమీటర్ల వెదురు బిళ్ల వేస్తే సరిపోయింది. అంతకంటే మందం వేస్తే తలుపు ఎత్తి తీయడానికి పైన చోటు మిగలదు.

పై కప్పు కోళ్ల కొసల మీద కూర్చుని ఉంటుంది. కింది నుంచి చెక్క దిమ్మ అడ్డంపెట్టి, నాలుగు మూలలా వంతులవారీగా కొయ్య సుత్తితో కొట్టాలి. ఒకే మూల కొడితే ఎదుటి కొస విరుగుతుంది. కదలకపోతే ముందు వెదురు మేకు ఉందేమో వెతకండి, ఆ తర్వాతే అతుకులో గోరువెచ్చని నీళ్లు చుక్కలుగా వదలండి. పాత జిగురు జంతువుల తోలుది, తడి వేడికి మెత్తబడుతుంది.

నా బీరువాలో అసలు జబ్బు పక్క పలకది. చట్రం గాడిలో పలక వదులుగా ఉండాలి, దాన్ని జారకుండా పట్టేది వెనక అడ్డంగా దూర్చిన బద్ద మాత్రమే. ఇంతకుముందు ఎవరో గాడి పొడవునా తెల్ల జిగురు నింపి, వెనక ఇనుప పట్టీ మేకులతో కొట్టారు. 40 సెంటీమీటర్ల యూము పలక చలికాలంలో 3, 4 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. అంచులు కదలనివ్వకపోతే నడిమికి చీలుతుంది, ఇది అలాగే చీలింది. మేకులు పీకి, సన్నని ఉలితో గాడిలోని జిగురు గీకి తీశాను. అడ్డ బద్ద ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు. ఇరుకు వైపు నుంచి కొడితే జారి వస్తుంది. చీలిక రెండు అంచుల్నీ చిత్రిక పట్టకుండా ఉన్నవి ఉన్నట్టే అతికించాను. చిత్రిక పడితే పలక ఇరుకై గాడి నుంచి తప్పుకుంటుంది.

అతకడానికి తోలు జిగురే వాడాలి. దాని పలుకుల్ని బరువుకు రెండింతల చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి 60 డిగ్రీలకు కాచాలి. మరిగితే పట్టు పోతుంది. చల్లారగానే గడ్డకడుతుంది కాబట్టి అతుకుల్ని హెయిర్ డ్రయ్యర్‌తో ముందే వెచ్చబెట్టుకోవాలి. ముందు ఒక్కో పక్క చట్రం, తర్వాత ముందూ వెనకా వాటిని కలిపే పట్టీలు, చివర పై కప్పు. జిగురు లేకుండా ఒకసారి బిగించి ముఖం కర్ణాలు కొలవండి. కోళ్లు వాలినా రెండు కర్ణాలూ సమానంగానే రావాలి.

రంగు జోలికి పోయేముందు కనపడని చోట స్పిరిట్ దూదితో రుద్ది చూడండి. జిగటగా కరిగితే అది తర్వాత ఎవరో వేసిన స్పిరిట్ పాలిష్. చెట్టు పాలతో చేసే అసలు చైనా లక్క స్పిరిట్‌కు కరగదు, దాన్ని వదిలేయాలి. గీకితే లేచే ధూళి కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది. లోపలి గోడలకు గుడ్డ అంటించి పూత పూసి ఉంటే అది కూడా పాతదే, ఊడదీయొద్దు.

బీజింగ్‌లో నవంబరు 15న హీటింగ్ మొదలవగానే పలక పక్కన రంగు పడని తెల్లటి గీత బయటపడుతుంది. లప్పం నింపొద్దు. జూలై వానలకు పలక మళ్లీ ఉబ్బితే ఆ లప్పమే చట్రం మూలల్ని విడదీస్తుంది. విశాఖలాంటి తేమ ఊరికి తెచ్చుకునేవాళ్లు బిగించేటప్పుడే గాడిలో రెండు వైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ ఉంచుకోవాలి. జరిపేటప్పుడు తలుపులు తీసేసి అడుగు పట్టీ పట్టుకుని ఎత్తండి, పై కప్పు పట్టుకుంటే అదొక్కటే చేతిలోకి వస్తుంది.