వాళ్లు అడిగింది ధైర్యం

"ఇంకోసారి ఇక్కడ ప్రార్థన పెడితే ఇల్లు ఖాళీ చేయండి." యజమాని గేటు దగ్గరే నిలబడి, వీధిలో అందరికీ వినబడేలా అన్నారు. అమ్మ మాట్లాడకుండా చాపలు చుట్టింది. నాకు మాత్రం కాళ్లు వణికాయి. కడపలో పిల్లల బడికి దగ్గరగా అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసినదాన్ని. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి కొందరు బంధువులు శుభలేఖలు కూడా పంపడం లేదు, ఆ బాధ వేరు.

రాత్రి బైబిల్లో అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తీశాను. యేసు శిష్యులైన పేతురును, యోహానును యూదుల మహాసభ బెదిరించి వదిలింది. సంగతి వినగానే విశ్వాసులంతా ఏకమనస్సుతో ప్రార్థించారు. బెదిరింపులు ఆగిపోవాలని కాదు, వాటి మధ్యే ధైర్యంగా వాక్యం చెప్పే శక్తి ఇమ్మని! అంతకు కొద్దికాలం ముందే చలిమంట దగ్గర ఒక పనిపిల్ల యేసు గురించి అడిగితే "ఆయనెవరో నాకు తెలియదు" అన్నవాడే ఈ పేతురు. ఎన్నోసార్లు చదివిన భాగమే అయినా ఆ రాత్రి కన్నీళ్లు ఆగలేదు. పేతురును నిలబెట్టిన దేవుడు నన్ను వదిలేస్తాడా?

మన కడపలో లండన్ మిషనరీ సొసైటీ పని 1822లోనే మొదలైంది. ఇన్ని తరాలుగా ఇక్కడ ఎవరో ఒకరు నమ్మి నిలబడుతూనే ఉన్నారు. ఆ వరుసలో నేనూ ఉన్నానన్న తలంపే నాకు బలమిచ్చింది.

యజమాని భార్యకు జ్వరమని తెలిసి మర్నాడు అమ్మ జావ కాచి తీసుకెళ్లింది. ఆమె తీసుకున్నారు.

ప్రార్థన మానలేదు. ఈ శుక్రవారం సాయంత్రం చిన్నచౌకులో అక్క వాళ్లింట్లో పెడుతున్నాం. దగ్గర్లో ఉన్నవాళ్లు రండి. రాలేనివాళ్లు మా యజమాని కుటుంబం కోసం ప్రార్థించండి.