ఎకోప్లెక్స్ బుస తగ్గించడానికి నేను పడ్డ పాట్లు

మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ, సూట్‌కేసులో సగం బట్టలు తీసేసి మరీ, నాకోసం ఒక మేస్ట్రో ఎకోప్లెక్స్ ఈపీ-3 తెచ్చాడు. 1970ల నాటి టేప్ ఎకో, అంటే గిటార్ మోతని టేపు మీద రికార్డు చేసి, కాస్త ఆగి మళ్ళీ వినిపించే మిషన్. జిమ్మీ పేజ్, ఎడ్డీ వాన్ హేలెన్ లాంటి రాక్ గిటారిస్టులు వాడిన మోడల్ అని మనకు తెలుసు కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలు గిటారిస్టుల్లో చాలామందికి దీని ఎకో కంటే ప్రీఆంప్ (లోపలికొచ్చిన సన్నని సిగ్నల్‌ని ముందుగా పెంచే సర్క్యూట్) మీదే మోజు, ఎందుకంటే ఎకో మొత్తం తగ్గించేసినా గిటార్ సిగ్నల్ మాత్రం ఆ ప్రీఆంప్ గుండానే పోతుంది, ఆ కాస్తకే టోన్‌కి ఒక నిండుదనం వస్తుంది.

అది 117 వోల్టుల మిషన్. విశాఖ డాబాగార్డెన్స్‌లో, మన కరెంటు వోల్టేజీని అంతకు దించే ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని, చినవాల్తేరులో మా మేడ మీద గదిలో పెట్టి ఆన్ చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మోటార్ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, ఎకో కొంచెం సాగుతుంది. అది నాకు నచ్చింది కూడా. నచ్చనిదల్లా సుయ్ అంటూ ఆగకుండా వచ్చే బుస. అమ్మ కింద నుంచి "మేడ మీద కుళాయి వదిలేశావేంట్రా?" అని అరిచింది. అంత ఉంది.

మొదటి వారం మొత్తం టేపుని తిట్టుకుంటూ గడిపాను. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో టేపు రాసుకుంటూ పోయే హెడ్లు తుడిచాను, ఇయర్‌బడ్ల మీద గోధుమరంగు మడ్డి వచ్చింది. హెడ్లకు పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే క్యాసెట్ల కాలంనాటి డీమాగ్నెటైజర్ ఒకటి ఎవరి దగ్గరో అడిగి తెచ్చి హెడ్ల మీద తిప్పాను. ఎకో కాస్త శుభ్రపడింది గానీ బుస బుసే. ఇక్కడ నేను చూడాల్సినది చూడలేదు: ఎకో వాల్యూమ్ సున్నాలో ఉన్నా బుస అంతే ఉంది. ఇంక టేపుదేం తప్పు?

రెండో వారం ఇంకా పెద్ద తప్పు చేశాను. పాత కార్బన్ కంపోజిషన్ రెసిస్టర్లు నాయిజ్ చేస్తాయి, మెటల్ ఫిల్మ్ వేస్తే తగ్గుతుంది అని ఎప్పుడో చదివిన ముక్క పట్టుకుని, చేతికి అందిన 14 రెసిస్టర్లు వరసపెట్టి మార్చేశాను. ఒకచోట ఐరన్ ఎక్కువసేపు ఆన్చడంతో బోర్డు మీద రాగి ప్యాడ్ పైకి లేచి వచ్చేసింది, ఒక సన్నని వైరు వేసి అతికించాల్సి వచ్చింది. అంతా అయ్యాక ఆన్ చేస్తే బుస ఏమాత్రం తగ్గలేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అప్పుడు కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్‌యార్డులో చేసి రిటైరయ్యారు, రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తారు, అందరూ మాస్టారూ అంటారు. ఆన్ చేసి రెండు నిమిషాలు విని, "ఏటి బాబూ, నువ్వు కనపడినవన్నీ మార్చేసినావు, అసలు దొంగ ఎక్కడున్నాడో సూడనే లేదు" అన్నారు.

ఆయన చేయించిన పనిని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పాత ప్రీఆంప్ ఏదైనా ఇలాగే వెతకాలి. ముందు ఒక ఖాళీ గిటార్ జాక్ తీసుకుని టిప్‌నీ (సిగ్నల్ వచ్చే మొన) స్లీవ్‌నీ (గ్రౌండ్ అయ్యే ఒళ్ళు) కలిపి సోల్డర్ చేయించారు. దాన్ని ఇన్‌పుట్‌లో పెడితే ఇన్‌పుట్ గ్రౌండ్ అయిపోతుంది. ఇన్‌పుట్‌లో ఏమీ పెట్టకుండా బుస కొలిచి కంగారు పడటం దండగ అన్నారు, అప్పుడు లోపల మెగా ఓముల్లో ఉన్న గేట్ రెసిస్టర్ నాయిజ్ కూడా కలిసి వినిపిస్తుంది, గిటార్ పెట్టగానే దానిలో చాలామటుకు అణిగిపోతుంది. షార్ట్ జాక్ పెడితే బుస కొంచెం తగ్గింది, పోలేదు. తరువాత మొదటి ట్రాన్సిస్టర్, అంటే టీఐఎస్58 జెఫెట్ (అదొక రకం ట్రాన్సిస్టర్), దాని గేటునే, అంటే సిగ్నల్ లోపలికి వెళ్ళే కాలునే, నేరుగా గ్రౌండ్‌కి తాకించారు. అయినా అంతే. అంటే బుస గేటుకు ముందు నుంచి రావడం లేదు, ఆ జెఫెట్‌లోనో, దాని చుట్టూనో పుడుతోంది. మొదటి స్టేజిలో పుట్టింది ఎంత చిన్నదైనా వెనకున్నవన్నీ దాన్ని పెంచుతూ పోతాయి కదా.

తరువాత ఫ్రీజర్ స్ప్రే, కొట్టినచోట ఒక్కసారిగా చల్లబరిచేది. సన్నని గొట్టం పెట్టి జెఫెట్ మీద ఒక్క చుక్క కొట్టారు, ఏమీ లేదు. పక్కనే ఉన్న డ్రెయిన్ రెసిస్టర్ (జెఫెట్ నుంచి సిగ్నల్ బయటికి వచ్చే కాలుకి తగిలించినది) మీద కొట్టగానే స్పీకర్‌లో బుస ఒక్కసారి చిటపటమంది, తరువాత సన్నబడి, చల్లదనం తగ్గేకొద్దీ మళ్ళీ పైకి లేచింది. మాస్టారు నావైపు చూసి ఊరుకున్నారు. నేను మార్చిన 14లో అది లేదు! ఒక కెపాసిటర్ కింద నక్కి ఉంది, ఐరన్ పట్టదని వదిలేశాను.

దాని ఒక కాలు ఊడదీసి కొలిచాం. చారలు ఎరుపు, ఎరుపు, నారింజ, అంటే 22 కిలో ఓములు ఉండాలి. మీటర్ 27.4 చూపించింది. కార్బన్ కంపోజిషన్ తేమ పీల్చుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పైకి పాకుతుంది. 50 ఏళ్ళ రెసిస్టర్‌కి మన సముద్రపు గాలి కూడా తోడైంది, పైగా వానాకాలమంతా ఆ మిషన్‌ని కిటికీ పక్కనే పెట్టాను.

ఇక్కడే నా 14 రెసిస్టర్ల వెర్రి ఎందుకు పనికిరాలేదో అర్థమైంది. వేడి వల్ల పుట్టే నాయిజ్ ఏ రకం రెసిస్టర్‌లో అయినా ఒకటే, 22 కె అయితే 20 కిలోహెర్ట్జ్ మేరకు సుమారు 2.7 మైక్రోవోల్టులు. కార్బన్ కంపోజిషన్‌లో దానిపైన అదనంగా వచ్చే నాయిజ్ వేరే ఉంటుంది, అది దాని మీద డీసీ వోల్టేజీ పడినప్పుడే పుడుతుంది, వోల్టేజీ పెరిగేకొద్దీ పెరుగుతుంది. డీసీ పెద్దగా లేనిచోట మెటల్ ఫిల్మ్ వేసినా, బంగారం వేసినా ఒరిగేదేమీ లేదు. డ్రెయిన్ రెసిస్టర్ మీద మాత్రం రోజంతా డీసీ ఉంటుంది, పైగా అది మొదటి స్టేజి.

అర వాట్ మెటల్ ఫిల్మ్ 22 కె వేశాం, రెండు రూపాయలు కూడా కాదు. అదే వరసలో, ఉబ్బకపోయినా ఎండిపోయి ఉన్న సప్లై ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండు మార్చాం (వాటిలో చార్జి ఉంటుంది, ప్లగ్ పీకి, రెసిస్టర్‌తో డిశ్చార్జి చేశాకే ముట్టుకోండి). జెఫెట్ జోలికి పోలేదు. కొత్తది వేద్దామని నాకు చెయ్యి దురద పెట్టింది గానీ, ఒకే నెంబర్ జెఫెట్లలో కూడా ఒకదానికొకటి పోలిక ఉండదు, కాళ్ళ వరుస కూడా తేడా రావచ్చు, ఆ టోన్ కోసమే కదా ఇదంతా, అని మాస్టారు చెయ్యి మీద కొట్టినంత పని చేశారు.

ఇంటికి తెచ్చి, అవే నాబులు, అదే షార్ట్ జాక్, అదే ఆడియో ఇంటర్‌ఫేస్ గెయిన్ పెట్టి రికార్డు చేసి పాతదానితో పోల్చాను. 9 డెసిబెల్స్ తగ్గింది. చెవికి అయితే బుస దాదాపు సగమైనట్టే. సున్నా కాలేదు, ఎకో పెంచితే టేపు బుస వినిపిస్తూనే ఉంటుంది, అది టేపు స్వభావం, దాన్ని చంపాలని ట్రెబుల్ కోసేస్తే గిటార్ దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. నేను చేసిందల్లా గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, వెనకున్న ఆంప్ గెయిన్ తగ్గించడం.

ఇంకా సన్నగా హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత, మిగిలింది. దానికి ఇంకో వారం వెతకబోయి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎకోప్లెక్స్ పక్కనే ఆనించి పెట్టానని చూసుకుని, మూడడుగులు దూరం జరిపాను. అదీ పోయింది. మిషన్ ఇప్పుడు కిటికీ పక్కన లేదు, మూతలో సిలికా జెల్ సంచులు నాలుగు ఉన్నాయి. లేచిపోయిన ప్యాడ్ మీద నేను వేసిన వైరు మాత్రం అలాగే ఉంది, అతుకు బాగానే పెట్టావు అని మాస్టారు దాన్ని వదిలేశారు.