పోవడానికి ఆరున్నర, రావడానికి ఏడున్నర

మొన్న జనవరిలో సింగపూర్ నుంచి టోక్యో వెళ్లొచ్చాను. చాంగీలో ఎక్కి హనేడాలో దిగితే విమానదారి దాదాపు 5,300 కిలోమీటర్లు. నాకో అలవాటుంది. చక్రాలు నేల విడిచిన నిమిషం, మళ్లీ నేల తాకిన నిమిషం చిన్న పుస్తకంలో రాసుకుంటాను. వెళ్లేటప్పుడు రాత్రి 10:55కి లేచి పొద్దున 6:20కి దిగాం. వచ్చేటప్పుడు పొద్దున 9:30కి లేచి సాయంత్రం 4 గంటలకి దిగాం. ఈ అంకెలు మాత్రమే చూస్తే పోవడానికే ఎక్కువసేపు పట్టిందనిపిస్తుంది. జరిగింది దానికి తలకిందులు.

టోక్యో గడియారం సింగపూర్ కంటే గంట ముందుంటుంది. ఆ గంట సర్దితే పోవడానికి పట్టింది 6 గంటల 25 నిమిషాలే, రావడానికి ఏడున్నర. సూర్యుణ్ణి బట్టి చూస్తే ఈ రెండు ఊళ్ల మధ్య తేడా రెండు గంటలు దాటాలి. కానీ 1982 జనవరి 1న మలేసియాతో పాటు సింగపూర్ కూడా, అప్పటికే సూర్యుడి కంటే ముందు నడుస్తున్న గడియారాన్ని ఇంకో అరగంట ముందుకు జరుపుకుంది. అక్కడ జనవరిలో ఏడు దాటితేగానీ పొద్దు పొడవదు.

ఒకే దారికి గంటకు పైగా తేడా తెచ్చింది గాలి. వెళ్లేటప్పుడు నిద్ర పట్టక ముందు సీటు తెర మీది అంకెలే చూస్తూ కూర్చున్నాను. తైవాన్ దాకా వేగం గంటకు 900 దగ్గర ఆడింది. ఒకినావా దాటేసరికి 1,000 మించి, ఇంకా పెరుగుతూ పోయింది. ఇంజిన్ మోతలో మాత్రం మార్పు లేదు. చలికాలంలో జపాన్ మీద సుమారు పది కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి ఉరకలేస్తుంటుంది. ఏటివాలున పడిన పడవలా మా విమానం అందులో పడింది.

ఆ గాలిని ఓపిగ్గా కొలిచినాయన జపాన్ వాతావరణ శాస్త్రవేత్త ఓయిషి వసబురో. టోక్యోకి ఉత్తరాన తతెనోలో, 1920లలో, బెలూన్లు ఎగరేసి వాటి వెంట చూపు నిలిపి లెక్కలు కట్టాడు. దేశదేశాలవాళ్లూ చదువుకోవాలని 1926లో వాటిని, అన్ని దేశాలకీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పరాంటో భాషలో అచ్చువేయించాడు. చదివినవాళ్లు బహు తక్కువ. అంత పని అలా మూలన పడి ఉండిపోయిందంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తిరుగు ప్రయాణానికి కావాలనే కుడివైపు కిటికీ అడిగి తీసుకున్నాను. ఆకాశం కడిగినట్టుంది. లేచిన కాసేపటికే ఫుజి కనబడింది, 3,776 మీటర్ల కొండ, సగానికి పైగా మంచు. తెర మీద వేగం 700 దాటడానికి తంటాలు పడుతోంది. ఎదురుగాలి పుణ్యమా అని ఆ కొండ చాలాసేపు నా కిటికీలోనే నిలిచి ఉంది.