పది గుర్రాల బండిలో పన్నెండు గుర్రాల ఇంజన్

మూడు వారాలైంది మా గ్యారేజీలో కారు పెట్టి. కారు ఉండాల్సిన చోట ఒక పసుపు తెలుపు చిన్న ట్రాక్టరు, దాని పక్కన ఇంకో ట్రాక్టరు అస్థిపంజరం, మధ్యలో ఇంజన్ లేపే గొలుసు స్టాండు. మా ఆవిడ రోజూ గ్రోసరీ సంచులు మోసుకుంటూ వాటి మధ్యలోంచి నడిచెళ్తూ ఏమీ అనదు, అదే నాకు భయం.

ఉండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ వైపు. ఉద్యోగం కంప్యూటర్ ముందు. పదేళ్ల కింద ఒకతను ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే బుక్‌షెల్ఫ్ కొందామని వెళ్లా, అక్కడ షెడ్డులో మూల ఒక బుల్లి ట్రాక్టరు, దాని ముందు ఐహెచ్ గుర్తు. ఎక్కడో చూశానే అనుకుని అలాగే నిలబడిపోయా. తణుకు దగ్గర మా ఊళ్లో పెదనాన్న గారి ఎర్ర ట్రాక్టరు, బి-275, బానెట్ మీద ఇంటర్నేషనల్ అని ఉండేది, ఊరంతా దాన్ని ఇంటర్నేషనల్ బండి అనే పిలిచేవాళ్లు. మహీంద్రా వాళ్లు 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మొదలుపెట్టిన బండి అది. అదే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఇక్కడ ఇళ్ల ముందు గడ్డి కోసుకోడానికి, మంచు తోసుకోడానికి ఈ బుల్లి బళ్లు చేసింది, పేరు కబ్ క్యాడెట్. వాళ్లకి ముందే ఫార్మాల్ కబ్ అని ఒక చిన్న పొలం ట్రాక్టరు ఉంది, కబ్ అంటే పిల్ల కదా, ఇది ఆ పిల్లకి తమ్ముడన్నమాట. దమ్ము చక్రాలతో బురదలో తిరిగిన మా బండికీ, ఈ లాన్ మీద తిరిగే బండికీ చుట్టరికం ఉందని తెలిశాక ఇక ఆగలేదు. బుక్‌షెల్ఫ్ కొనలేదు.

ఇప్పుడు నా దగ్గర నాలుగున్నాయి. (ఆవిడ లెక్కలో మూడు. నాలుగోది ఫ్రెండ్ వాళ్ల బార్న్‌లో ఉంది.)

సరే, అసలు సంగతి. నా కబ్ క్యాడెట్ 104 అనేది 1967 నుంచి 69 దాకా చేసిన మోడల్. దాన్లో కోలర్ కె241 ఇంజన్, పది హార్స్ పవర్, ఒకటే సిలిండర్, బ్లాకు పోత ఇనుము. అవును ఆ కోలర్ కంపెనీయే, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ కుళాయిల మీద పేరు కనిపిస్తుందే, వాళ్లే. విస్కాన్సిన్‌లో వాళ్ల పేరుతో ఒక ఊరే ఉంది. తొట్లు, కుళాయిలు చేస్తూ చేస్తూ 1920లో ఇంజన్ల వైపు కూడా వచ్చారు. ఈ కె సిరీస్ ఇంజన్లు చూస్తే ఆ తొట్లు పోసిన చెయ్యే వీటినీ పోసిందనిపిస్తుంది, అంత బరువు.

నా కె241 పొగ తాగడం మొదలెట్టింది. నీలం పొగ. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం, అరిగింది. బోరు కొట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు వేయిస్తే కొత్తదవుతుంది, కానీ ఇక్కడ మెషిన్ షాపు వాడు చెప్పిన డబ్బుకి ఇంకో ట్రాక్టరు వస్తుంది. నిజంగానే వచ్చింది. గంట దూరంలో ఒకాయన కబ్ క్యాడెట్ 1200 అమ్ముతున్నాడు, 70ల మధ్యలో వచ్చిన క్వయట్ లైన్ అనే రకం, ఇంజన్‌కి పక్కల రేకులు మూసి చప్పుడు తగ్గించారు. ఫ్రేము తుప్పు, టైర్లు పిప్పి, సీటు లేదు, 150 డాలర్లు. ఇంజన్ ఎలా ఉందంటే "ఆపినప్పుడు బానే నడిచింది" అన్నాడు. ఈ హాబీలో ఉన్నవాళ్లందరికీ ఈ మాట తెలుసు, పెళ్లి సంబంధంలో అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ అన్నట్టే. ఆపింది ఎప్పుడో అడగకూడదు.

అందులో ఉన్నది కె301, పన్నెండు హార్స్ పవర్. ఇక్కడే కోలర్ వాళ్ల గొప్పతనం. కె241, కె301, కె321, కె341 అని పది, పన్నెండు, పద్నాలుగు, పదహారు గుర్రాల ఇంజన్లు నాలుగూ పైకి దాదాపు ఒకే ఒడ్డూ పొడుగూ. తేడా అంతా లోపలే. పదికి బోరు మూడుంపావు అంగుళాలు, పన్నెండుకి దానికంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ, అంతే. అసలు తేడా స్ట్రోక్‌లో, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరంలో ఉంది, 2.875 అంగుళాల నుంచి 3.25కి పెరిగింది. సీసీల్లో చెప్పుకుంటే 392 నుంచి 476కి. బుల్లెట్ 350 కంటే పెద్ద సిలిండర్ అన్నమాట, ఒక్కటే. అంటే పది తీసి పన్నెండు పెట్టడం అనేది ఇంట్లో అన్న చొక్కా తమ్ముడికి వేసినట్టే, అతుకుతుంది. ఏడు, ఎనిమిది గుర్రాల కె161, కె181 మాత్రం వేరే చిన్న బ్లాకు, వాటి జోలికి వెళ్తే కథ మారుతుంది.

అతుకుతుంది అన్నానే, నేనూ అలాగే అనుకుని శనివారం పొద్దున మొదలుపెట్టా. సాయంత్రానికి అయిపోతుందని ఇంట్లో చెప్పా కూడా.

దించడం తేలికే. బానెట్ తీసెయ్, పెట్రోల్ పైపు, చోక్, థ్రాటిల్ కేబుళ్లు, వైర్లు తీసెయ్, కింద నాలుగు బోల్టులు. ఈ రకం కబ్ క్యాడెట్‌లో బండిని నడిపే బెల్టు ఉండదు, అది దాని ప్రత్యేకత, ఇంజన్ ఫ్లైవీల్ వైపు డ్రైవరు వైపుకి తిరిగి ఉంటుంది, ఫ్లైవీల్‌కి మూడు పిన్నుల ముక్క ఒకటి, ఆ పిన్నులు క్లచ్ ప్లేటుని తిప్పుతాయి, అక్కడ్నుంచి ఒక రాడ్డు నేరుగా వెనక గేర్‌బాక్సుకి. ఇంజన్ని ముందుకి జరిపితే పిన్నుల్లోంచి క్లచ్ ఊడొస్తుంది. పది గంటలకల్లా రెండు ఇంజన్లూ నేల మీద పక్కపక్కనే పెట్టుకుని టీ తాగుతూ చూశా. అప్పుడు కనపడింది.

అడుగులు వేరు.

104లో ఇంజన్ని ఫ్రేముకి నేరుగా బిగించేస్తారు. క్వయట్ లైన్‌లో మాత్రం చప్పుడు, అదురు తగ్గాలని ఇంజన్ని రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టారు, దానికోసం ఆయిల్ ప్యాన్ సన్నగా చేశారు. మన మేస్త్రీలు ఛాంబర్ అంటారు చూడండి, అదే ఆయిల్ ప్యాన్. ఈ ఇంజన్లలో అది నూనె గిన్నె మాత్రమే కాదు, పునాది కూడా అదే, బోల్టులు పట్టేది దానికే. సన్న ప్యాన్ నా ఫ్రేములో నిలబడదు. (ఆ రబ్బరు ముక్కల ఐడియా కాగితం మీద బావుంది కానీ నలభై యాభై ఏళ్లకి రబ్బరు పులిహోర అయిపోయి ఇంజన్ ఊగుతుంది, ఊగి ఊగి ఫ్రేముని పగలగొడుతుంది. ఈ 1200 ఫ్రేముకి పట్టిన గతి సగం అదే.)

కాబట్టి రెండు ఇంజన్లకీ కింద ప్యాన్లు విప్పి, పాత దాని వెడల్పు ప్యాన్ కొత్త దానికి వెయ్యాలి. విప్పడం కూడా ఒకందుకు మంచిదే అయ్యింది. ఈ సిరీస్ ఇంజన్లలో కొన్నిటికి అదురు తగ్గించడానికి లోపల బ్యాలెన్స్ గేర్లు పెట్టారు, చిన్న ఇరుసుల మీద తిరుగుతాయి. పాతబడ్డాక ఆ ఇరుసు బేరింగు పోయిందా, గేరు లోపలే విరిగి బ్లాకుని చీల్చుకుని బయటికొస్తుంది. ఇక్కడ పాత చేతులు ఎవర్నడిగినా మొదటి మాట, ఇంజన్ విప్పితే ముందు ఆ గేర్లు తీసి పారెయ్ అని. నా దాన్లో ఉన్నాయి. తీసేశా. అదురు కాస్త పెరుగుతుంది, పెరగనీ, ఇది ట్రాక్టరు, ఊయల కాదు.

ఇక్కడ ఒక గొడవ ఉంది, చెప్తా. పాత బళ్లు సేకరించే వాళ్లలో రెండు మతాలు. ఒకళ్లు, బండి ఫ్యాక్టరీలోంచి ఏ ఇంజన్‌తో వచ్చిందో అదే ఉండాలి, సీరియల్ నంబర్లు కలవాలి, లేకపోతే ఆ బండి బండే కాదు అంటారు. ఇంకొకళ్లు అవన్నీ దేనికి, హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల కొట్టుకి వెళ్లి ప్రిడేటర్ 212 సీసీ కొత్త ఇంజన్ తెచ్చి బిగించు, తాడు లాగితే స్టార్ట్ అవుతుంది, హాయిగా గడ్డి కోసుకో అంటారు. నేను మధ్యలో ఉన్నా. అన్నదమ్ముల్లో మార్చుకుంటే తప్పేంటి అనేది నా వాదన, అదే కోలర్, అదే కె సిరీస్, అదే కబ్ క్యాడెట్. మా ఊళ్లో అయితే ఇంజన్ మార్చడం హాబీ ఏంటి, బతుకు. ఒకటే కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ వేసవిలో బోరుబావి మీద, తర్వాత నూర్పిళ్ల దగ్గర, ఒక ఏడాది చేపల చెరువు గట్టు మీద కూడా చూశా. దానికి సీరియల్ నంబర్ ఉందని ఎవడికీ తెలీదు.

ప్రిడేటర్ మతం వాళ్లని తిట్టను, నా దగ్గర వీల్ హార్స్ అనే ఇంకో కంపెనీ బుల్లి ట్రాక్టరు ఒకటి ఉంది, ఇండియానాలో సౌత్ బెండ్‌లో చేసేవాళ్లు ఆ బళ్లు, 1986లో టోరో కొనేసింది, దాన్లో పాత ఇంజన్ పట్టేస్తే నేనూ ప్రిడేటరే పెట్టా. వీల్ హార్స్ బెల్టు బండి కాబట్టి కుదిరింది, ప్రిడేటర్ షాఫ్టు ముప్పావు అంగుళమే కాబట్టి పుల్లీలోకి ఒక స్లీవ్ తొడిగితే సరిపోయింది. మా ఆవిడ తోలేది అదే, నా కబ్ క్యాడెట్ల కంటే అదే నయం అంటుంది. కానీ కబ్ క్యాడెట్‌లో ఆ పని చేయబోయిన వాళ్లకి ఒక సరదా ఎదురవుతుంది. కోలర్ ఇంజన్ ఫ్లైవీల్ వైపు నుంచి బండిని నడుపుతోంది కదా, ప్రిడేటర్‌కి శక్తి తీసుకునే షాఫ్టు రెండో వైపు. దాన్ని వెనక్కి తిప్పి బిగిస్తే తిరిగే దిశ తలకిందులవుతుంది. ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి ఉండాల్సిన బండి కాస్తా వెనక్కి మూడు, ముందుకి ఒకటి అవుతుంది. పీత బండి. దానికి మళ్లీ గొలుసులు గానీ గేర్లు గానీ పెట్టి దిశ తిప్పుకోవాలి.

సరే నా పని. ప్యాన్ మారింది, కొత్త ప్యాకింగ్ వేశా. ఫ్లైవీల్, రేకులు, ఆ మూడు పిన్నుల ముక్క, స్టార్టర్ జనరేటర్ అన్నీ పాత దాని మీంచి తీసి కొత్త దానికి తొడిగా. బ్లాకు కొత్తది, ఒంటి మీద నగలన్నీ పాతవే. ఈ స్టార్టర్ జనరేటర్ అంటే నాకు భలే ఇష్టం, డెల్కో రెమీది, బెల్టుతో తిరుగుతుంది, తాళం తిప్పితే అదే మోటారై ఇంజన్ని తిప్పుతుంది, ఇంజన్ అందుకోగానే అదే డైనమో అయి బ్యాటరీకి కరెంటు ఇస్తుంది, మధ్యలో కటకట లేదు, ఊఊఊ అని ఒక మూలుగు, అంతే. సైలెన్సర్ పైపు మాత్రం ఏడిపించింది. బ్లాకులోకి మర పెట్టి బిగించిన పైపు అది, యాభై ఏళ్ల తుప్పు, రెండు రోజులు నూనె పోసి, టార్చ్‌తో వేడి చేసి, పానాకి పైపు తొడిగి వేలాడి, చివరికి రంపంతో లోపల గాట్లు పెట్టి ముక్కలు ముక్కలుగా తీశా. ఒక వారం అక్కడే పోయింది.

రెండో శనివారం స్టార్ట్ చేశా. నిప్పురవ్వ పుట్టించే సీబీ పాయింట్ గ్యాపు 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై), కొత్త కండెన్సర్, కొత్త పెట్రోలు, రెండు క్వార్టుల, అంటే దాదాపు రెండు లీటర్ల, 30 నంబర్ ఆయిల్. రెండు మూలుగులకి అందుకుంది. అందుకుని ఆగలేదు. గొంతు పెరుగుతూనే ఉంది, పెరుగుతూనే ఉంది, థ్రాటిల్ కిందికి లాగినా వినదు. ఇంజన్ వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ లింకు నేను సెట్ చేయకుండా బిగించా. లోపలి షాఫ్టుని చివరిదాకా తిప్పి పట్టుకుని, అప్పుడు లివర్ నట్టు బిగించాలి, అది తెలిసిన పనే, ఆ రోజు ఫోన్ వస్తే మాట్లాడుతూ నట్టు బిగించేశా. ఈ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ అల్యూమినియం, 3600 ఆర్పీఎమ్ దాటించకూడదు, దాటిస్తే రాడ్డు తెగి బ్లాకు పక్కనించి బయటికి చూస్తుంది. నాకు అదే కళ్ల ముందు కనిపించి తాళం ఆపడం కూడా గుర్తు రాక అరచేత్తో కార్బ్యురేటర్ మూతి మూసేశా. దగ్గి ఆగిపోయింది. మా అబ్బాయి మెట్ల మీద నిలబడి వీడియో తీశాడు, మా బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపాడు, ఆయన రిప్లై, "ఒరేయ్, ముందు గవర్నర్ చూసుకోరా, చెయ్యెందుకు పెట్టావురా అందులో." ఆయన జీవితంలో కోలర్ ఇంజన్ చూడలేదు.

రాడ్డుకి ఏమీ కాలేదు. గవర్నర్ సెట్ చేశా, ఇప్పుడు బుద్ధిగా ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తోంది, మా వెనక వాలులో పది గుర్రాలప్పుడు మూడో గేర్లో గొంతు పడిపోయేది, ఇది పడట్లేదు. బానెట్ పక్కన 104 అన్న స్టిక్కరు మార్చలేదు, మార్చను. ఆగస్టులో కింజర్స్‌లో రఫ్ అండ్ టంబుల్ వాళ్ల పాత ఇంజన్ల తిరనాళ్లకి దీన్నే తీసుకెళ్తా, అక్కడ కళ్లు మూసుకుని శబ్దం విని ఎన్ని గుర్రాలో చెప్పే ముసలాళ్లుంటారు, ఎవరైనా పట్టుకుంటారేమో చూడాలి.

పాత కె241 పారెయ్యలేదు. నూనె రాసి, సన్న ప్యాన్ దానికి తగిలించి, గుడ్డ కప్పి బెంచీ కింద పెట్టా, ఎప్పటికైనా బోరు కొట్టిస్తా. ఒక్కటే బాధ, మార్చిన వెడల్పు ప్యాన్ ప్యాకింగ్ దగ్గర ఎక్కడో కారుతోంది. బండి కింద అట్టముక్క పరిచా. మొన్న పొద్దున రెండు చుక్కలు, నిన్న మూడు, ఇవాళ ఇంకా వెళ్లి చూడలేదు.