కైకలూరు బస్సులో కొల్లేరు

ఏలూరు దాకా ప్రయాణం మామూలే. కైకలూరు బస్సెక్కాకే నాకు చిరాకు మొదలైంది. కొల్లేరు కనబడుతుందని కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా చేపల చెరువుల గట్లే. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి, మేత బస్తాలు దిగుతున్నాయి. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రకటించిన సరస్సు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

పక్క సీట్లో పెద్దాయన. "పక్షుల్ని చూడ్డానికా బాబూ?" అన్నాడు. అవునండీ అన్నాను.

"2006లో సర్కారోళ్లు మా చేపల సొసైటీ చెరువు గట్టు కొట్టేశారు. కొల్లేరు బతకాలన్నారు, సరే అనుకున్నాం. తర్వాత డబ్బున్నోళ్ల గట్లు మళ్లీ లేచాయి, మావి లేవలేదు."

ఏం చెప్పాలో తోచలేదు. ఏ ఊరని అడిగితే విజయవాడ సింగ్‌నగర్ అన్నాను. "అయ్యో, బుడమేరు ముంచేసింది మిమ్మల్నే కదా!" అన్నాడు. 2024 సెప్టెంబరులో మా వీధిలో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. కట్టలు తెగడం వేరే సంగతి. కానీ బుడమేరు చేరాల్సింది ఈ కొల్లేటికే, ఇక్కణ్నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. దారిలో ఇన్ని గట్లుంటే నీళ్లెలా పోతాయి?

ఎండలు ముదిరితే చెరువులవాళ్లకూ సుఖం లేదట. నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గితే తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఒకటే టెన్షన్. వేసవిలో ఉప్పుటేరులోంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఇదంతా చెప్పి ఆయన పెద ఎడ్లగాడి దగ్గర దిగిపోయాడు.

ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ టికెట్టు ఎక్కువే అనిపించింది. కానీ గూడబాతులు (పెలికాన్లు)! చెట్లు చచ్చిపోతే అటవీశాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని, పిల్లల నోట్లో చేపలు పెడుతున్నాయి. సంతోషం వేసింది, ఇనుము చూసి బాధా వేసింది.

2008లో అసెంబ్లీ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. ఆ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాం. వానలు ఒక్కసారిగా కుమ్మరించే ఈ రోజుల్లో సరస్సును కుదించడం మా ఊళ్లకే ప్రమాదం. పట్టా ఉన్న చిన్న రైతుకు పరిహారం చేతికిచ్చాకే భూమి అడగాలి. గట్లు తీయడం మాత్రం ఈసారి పెద్దవాళ్ల చెరువులతోనే మొదలవ్వాలి.