పల్లవికి ముందు ఊపిరి

నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్న హెడ్‌ఫోన్లు ఈ ఉదయం వచ్చాయి. ఆదివారం కావడం కలిసొచ్చింది. మిగతా పనులన్నీ సాయంత్రానికి వాయిదా వేసి కూర్చున్నాను.

ఇవి వెనుకవైపు తెరిచి ఉండే రకం. చెవి గిన్నెలకు బయట మూత బదులు సన్నని లోహపు జల్లెడ ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి గుండ్రటి పొర నీడలా కనిపిస్తుంది. ఇన్నేళ్లూ నేను వాడినవన్నీ మూసి ఉండే రకమే. అందుకే తలకు తగిలించుకున్నాక కూడా ఫ్యాను చప్పుడు, కిటికీ అవతల పిల్లల అరుపులు ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

కొన్ని వందలసార్లు విన్న పాట పెట్టాను. ఒక గాయని, ఒక వయొలిన్, అంతే. పల్లవి ఎత్తుకునే ముందు ఆమె చిన్నగా ఊపిరి తీసుకుంది. ఉలిక్కిపడి వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. పెదవులు విడివడిన మెత్తని చప్పుడు, ఆ వెంటనే గాలి లోపలికి వెళ్లడం, అప్పుడు మొదటి అక్షరం. కమాను దిశ మార్చినప్పుడల్లా తీగ మీద సన్నని గరగర. ఇన్నాళ్లూ ఇవన్నీ ఎక్కడున్నాయి?

పాతవి తీసి పోల్చి చూశాను. పోల్చేటప్పుడు రెండింటి శబ్దాన్నీ సమానం చేసుకోవాలి, లేకపోతే ఏది కాస్త బిగ్గరగా మోగితే అదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. పాతవాటి ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, 32 ఓమ్‌లు, కొత్తవాటిది 300. ఫోనుకు నేరుగా తగిలిస్తే కొత్తవి నీరసంగా పలికాయి. చిన్న ఆంప్లిఫయర్ మధ్యలో పెట్టి, మీట అటూ ఇటూ తిప్పుతూ సరిచేయడానికే అరగంట పట్టింది. అంతా చేశాక పాతవాటిలో ఆ ఊపిరి నాకు దొరకలేదు.

బేస్ మాత్రం తగ్గింది. డ్రమ్ము దెబ్బ గుండెకు తగలడం లేదు. మూసిన గిన్నెలో చెవి దగ్గరే నిలిచే ఒత్తిడి ఇక్కడ బయటికి జారిపోతుంది మరి. నాకు దాని మీద పెద్ద మమకారం లేదు. పైగా పాతవాటిలో కళ్లజోడు కాడ మెత్తను కాస్త ఎత్తేది, ఆ సందులోంచి బేస్ ఎలాగూ కారిపోయేది. వీటితో కళ్లజోడు ఉన్నా లేకున్నా నాకు పెద్దగా తేడా తెలియలేదు.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చి కూర్చుంది. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా మెల్లగా పైకెక్కే పరీక్ష ధ్వని ఒకటి ఉంది నా దగ్గర. నాకు 13,000 దాటగానే నిశ్శబ్దం. హెడ్‌ఫోన్లు తనకిచ్చి అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాను. చాలాసేపు వేలు పైకెత్తి పట్టుకుని, "మామయ్యా, ఇంకా వస్తోంది" అంటూనే ఉంది. వయసు పైస్థాయి ధ్వనులనే ముందు తీసుకుపోతుందని తెలుసు. అయినా ఆ వేలు దిగకపోవడం చూస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడింది. ఉన్న వినికిడిని కాపాడుకోవాలని గట్టిగా అనిపించింది. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయటి చప్పుళ్లు అడ్డుకోని ఈ రకంతో రద్దీలో పాట వినాలంటే శబ్దం పెంచుతూ పోవాల్సిందే. కాబట్టి ఇవి ఇల్లు దాటవు.

రాత్రి పది దాటాక ఇంకోసారి వినబుద్ధయింది. కొత్తవాటిలో పెడితే జల్లెడలోంచి పాటంతా గదిలోకి వచ్చి పడుకున్నవాళ్లకు నిద్రాభంగం. పాతవి తీసుకుని అదే పాట పెట్టాను. ఊపిరి ఎక్కడుందో ఇప్పుడు తెలుసు కనుక పల్లవికి ముందు చెవి ఒగ్గాను. వయొలిన్ మోత వెనకాల, చాలా సన్నగా, అది అక్కడే ఉంది.