జత ముప్పై రూపాయల షార్కులు

ఆదివారం, రాత్రి

ఆదివారం మా ఇంట్లో చేపల తొట్టికి నీళ్ళు మార్చే రోజు. అంటే మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ట్యూబూ బకెట్లూ పట్టుకుని హాల్లో తిరిగే రోజు. వెనకాల తుడుగుడ్డతో నేను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని ముందు రాత్రే బకెట్లు నింపి పెడతారు. ఇంట్లో ఇంకే పని మీదా లేని శ్రద్ధ ఆయనకి దీని మీద ఉంది, అది ఒప్పుకోవాలి.

తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. తెచ్చినప్పుడు హాలు సగం ఇదే ఆక్రమించిందనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇద్దరి సీట్లో నలుగురు ఇరుక్కున్న పల్లెవెలుగు బస్సులా ఉంది. ఆ నలుగురూ ఎవరంటే: రెండు షార్కులు, ఒక పిరానా, ఒక సక్కర్. ఇవన్నీ కొట్టువాడు పెట్టిన పేర్లు. పోయినేడు బాబు పుట్టినరోజుకి కొన్నప్పుడు షార్కులు జత ముప్పై రూపాయలు. చూపుడువేలంత ఉండి, వెండి రంగులో మెరుస్తూ, ఎప్పుడూ పక్కపక్కనే ఈదేవి. పెద్దది ఇప్పుడు అడుగుకి కాస్త తక్కువ. తొట్టి వెడల్పే అడుగు కాబట్టి వెనక్కి తిరగాలంటే ఒళ్ళంతా విల్లులా వంచాలి. వంచి తిరుగుతుంది, నాలుగుసార్లు తోక ఆడిస్తుంది, అవతలి అద్దం వచ్చేస్తుంది, మళ్ళీ వంచుతుంది.

నాన్న నిన్న రాత్రి కైకలూరు నుంచి వచ్చాడు. కంటి డాక్టరుకి చూపించాలని తమ్ముడు కారులో తీసుకొచ్చాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ పైబడి చేపల చెరువులు చేస్తున్న మనిషి. హైదరాబాద్ వస్తే టీవీ ముందు కూర్చోడు, ఇలా నీళ్ళు కనబడితే మాత్రం కదలడు.

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ కూసింది. పెద్ద షార్కు ఒక్కసారిగా బెదిరి ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకెళ్ళి అద్దానికి గుద్దుకుంది. టప్పుమని చప్పుడు వంటింట్లోకి వినబడింది. నాన్న ముందుకి వంగి దాని మూతి చూశాడు. పై పెదవి దగ్గర తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. పాత దెబ్బ మీదే కొత్తది. తర్వాత అది మెల్లగా పైకి వచ్చి, గుటకేసినట్టు ఓసారి గాలి మింగి, ఓ బుడగ వదిలి కిందికి పోయింది.

"దీన్ని షార్క్ అన్నదెవడు?" అన్నాడు నాన్న. "ఇది ఫంగస్ చేప కదమ్మా, మన చెరువుల్లో పెంచేదే."

తర్వాత పిరానా వైపు చూశాడు. చూసి నవ్వడం మొదలుపెట్టాడు, కాఫీ పంచె మీద ఒలికేదాకా. "అల్లుడు గారూ, ఇది రూప్‌చంద్ అండీ. మన కాలువ గట్టు చెరువులో పోయినేడు వేసిందదే."

మా ఆయన మొహం చూడాలి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "వేలు పెట్టకండి, కొరికేస్తుంది" అని చెప్పుకుంటున్న పిరానా అది. నాన్న ఫ్రిజ్ పక్కన నానబెట్టి ఉన్న శనగలు రెండు తీసి నీళ్ళలో వేశాడు. రూప్‌చంద్ వచ్చి ఒకటి అందుకుని నమిలింది. దగ్గరగా చూస్తే దాని దంతాలు మన దవడ పళ్ళలా వెడల్పుగా ఉన్నాయి, చీల్చే పళ్ళు కావు. అమెజాన్‌లో వరదొచ్చి అడవి మునిగినప్పుడు చెట్ల మీంచి రాలే కాయలూ గింజలూ కొరుక్కు తినే చేపట. అక్కడ పాతిక కిలోల దాకా తూగుతుందని మా ఆయనే ఫోన్లో చదివారు, కాస్త చిన్న గొంతుతో.

ఫంగస్ సంగతీ ఆయనే చదివారు. జెల్ల జాతి, షార్క్‌తో చుట్టరికమేమీ లేదు. పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది. 130 సెంటీమీటర్ల పొడవు, 44 కిలోల బరువు దాకా పెరుగుతుంది. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కి వచ్చి, అక్కడి నుంచి మన కృష్ణా, గోదావరి జిల్లాలకి దిగింది. అక్కడ సొంత నదిలో అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉందట. ఇక్కడ చెరువుకి వేల లెక్కన, రామ్‌నగర్ మార్కెట్లో బల్లల మీద గుట్టల లెక్కన. పోయిన నెల ముళ్ళు తక్కువని మేం తెచ్చుకుని వేపుడు చేసుకున్నదీ అదే. ఈ మాట నేను బాబు ముందు అనకుండా ఉండాల్సింది కానీ తమ్ముడు అనేశాడు. బాబు ప్లేటు పక్కన పెట్టి తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

టిఫిన్ల తర్వాత నాన్న లెక్క తీశాడు. ఆయన లెక్కలన్నీ ఎకరాల్లోనే ఉంటాయి. ఎకరం అంటే 43,560 చదరపుటడుగులు. ఐదడుగుల నీళ్ళు పెడతాం. పదివేల పిల్ల వేశాననుకో, ఒక్కో చేపకి ఎంత నీరు? బాబు ఫోన్లో గుణించి భాగించి ఇరవై ఒక్క ఘనపుటడుగులకి పైనే అన్నాడు. మరి ఈ తొట్టి? మూడు, ఒకటి, ఒకటిన్నర. నాలుగున్నర. అంచు వదిలేసి, అడుగున రాళ్ళు తీసేస్తే నాలుగు. చేపలు నాలుగు.

"కోసుకు తినేదానికి ఇరవై ఇచ్చి, ముద్దు చేసేదానికి ఒకటి ఇచ్చారన్నమాట," అన్నాడు నాన్న. ఎవర్నీ ఎత్తిపొడవడానికి కాదు, లెక్క అలా తేలింది కాబట్టి. అదీ చెరువులో ఏడాది తిరక్కుండానే కిలో దాటగానే పట్టుబడి అయిపోతుంది. ఇంట్లో ఉన్నది ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఈ మాట నా బుర్రలో రోజంతా తిరిగింది. మేం దీనికి పేరు పెట్టాం, రంగురాళ్ళు కొన్నాం, నీలం లైటు పెట్టాం, ప్లాస్టిక్ కోట పెట్టాం. ఆ కోట కూడా దాని చోటులోంచే తీసి పెట్టాం.

మా ఆయన ఊరుకోలేదు. తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని కొట్లో చెప్పారన్నారు. ఆ మాట నేను కూడా చాలామంది నోట విన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. "పెరగడం ఆగదండీ, గిడసబారుతుంది. రెండూ ఒకటి కాదు."

ఇది నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేని విషయం. మా వైపు బొచ్చె, రవ్వ పిల్లల్ని కావాలనే గిడసబారుస్తారు. నర్సరీ చెరువులో కిక్కిరిసేలా వేసి, మేత చాలీచాలకుండా ఇస్తూ ఏడాది దాకా అలాగే ఉంచుతారు. తర్వాత పెద్ద చెరువులోకి మారిస్తే, అణిగి ఉన్న పెరుగుదలంతా ఒక్కసారి పుంజుకుని గబగబా ఎదుగుతాయి. పిల్లల ధర ఎక్కువైనా రైతులు అవే కొంటారు. అంటే ఇరుకులో చేప ఎదగకపోవడం నిజమే. కానీ అక్కడ దానికో గడువుంది, గడువు తర్వాత పెద్ద చెరువుంది. తొట్టిలో గడువు లేదు. అదే ఇరుకు, అదే నీళ్ళు, మేత మాత్రం మనవాళ్ళు ప్రేమ కొద్దీ మూడు పూటలా. ఒళ్ళు లావెక్కి వెన్ను వంకర పోయిన చేపని నేను వేరేవాళ్ళింట్లో చూశాను. వాళ్ళు దాన్ని బొద్దుగా ఉందని మురిసిపోతున్నారు.

నాన్న బకెట్లోకి తోడిన పాత నీళ్ళు చేత్తో తీసి వాసన చూశాడు. "అమ్మోనియా చూశారా ఎప్పుడైనా?"

"నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా మావయ్య గారూ."

"తేటగా ఉన్నంత మాత్రాన మంచివని ఎవరన్నారండీ? అమ్మోనియాకి రంగుంటుందా?"

చెరువు రైతులకి ఈ అమ్మోనియా గొడవ రోజూ ఉండేదే. నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి ల్యాబులో చూపించుకుంటారు, ఎక్కువైతే దాన్ని పీల్చుకునే జియోలైట్ పొడి చల్లుతారు, మేత ఆపుతారు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతారు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిన మేతా, రెట్టా కుళ్ళి ఇంకొంచెం కలుస్తుంది. ఫిల్టర్ స్పాంజిలో పట్టి ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మారుస్తుంది కానీ, వేలెడు చేపలకి సరిపోయిన స్పాంజి అడుగు చేపలకి సరిపోదు. ఫంగస్ పైకొచ్చి గాలి మింగగలదు కాబట్టి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయినా చావదు. అందుకే కొట్టువాళ్ళకి అదంటే ఇష్టం. ఎలా ఉంచినా బతుకుతుంది. బతకడం ఒక్కటే చూస్తే ఏ పేచీ లేదు మరి.

మధ్యాహ్నం దాకా ఏం చేయాలన్న మాటే. పెద్ద తొట్టి కొందామన్నారు మా ఆయన. ఆరడుగులు, రెండడుగులు, రెండడుగులు అనుకుంటే ఇరవై నాలుగు ఘనపుటడుగులు. నీళ్ళే దాదాపు ఏడు వందల కిలోలు, పైన అద్దం, స్టాండు, రాళ్ళు. అద్దె ఇల్లు, నాలుగో అంతస్తు. ఓనరు గారు గోడకి మేకు కొడితేనే మెట్లెక్కి వస్తారు. పోనీ అంత చేసినా ఆ రెండు ఫంగస్‌లకి అది మరికొన్నాళ్ళ ముచ్చటే. ఇది గుంపుగా తిరిగే చేప, పైగా నదిలో వందల మైళ్ళు వలస పోయే జాతి. దీనికి సరిపోయే తొట్టి మనలాంటి ఇళ్ళలో ఉండదు. అంత ఎదిగే చేపని వేలెడు పిల్లగా కొట్టులో పెట్టి, ఎంత పెరుగుతుందో ఒక్క చీటీ ముక్క మీదైనా రాసి అంటించకుండా అమ్మడం నాకు మోసంలాగే కనబడుతోంది. కుక్కర్ మీద కూడా ఎన్ని లీటర్లో రాసి ఉంటుంది.

తమ్ముడు దుర్గం చెరువులో వదిలేద్దామన్నాడు. వద్దని నేనూ నాన్నా ఒకేసారి అన్నాం. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో మొసలి మూతి చేప, అదే అమెరికా ఆలిగేటర్ గార్, బయటపడిందంటే దానంతట అది ఈదుకుంటూ వచ్చి ఉండదు కదా.

చివరికి తేలిందేమిటంటే, ఫంగస్‌లూ రూప్‌చందూ మంగళవారం నాన్నతో వెళ్తున్నాయి. మూతున్న నీలం డ్రమ్ములో సగం దాకా ఈ తొట్టి నీళ్ళే పోసి, గుప్పెడు కళ్ళుప్పు వేసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, పైన వల గుడ్డ కట్టాలి. ఎగురుతాయి కాబట్టి వల తప్పదు. ఈ రాత్రి నుంచి మేత బంద్. కడుపు ఖాళీగా ఉంటే దార్లో నీళ్ళు పాడవ్వవు. అక్కడికెళ్ళాక కూడా నేరుగా చెరువులో వదలడు నాన్న. పట్నం చేప ఏ రోగం తెస్తుందోనని ముందు షెడ్డు వెనక ఉన్న చిన్న గుంటలో వేసి కొన్నాళ్ళు చూస్తాడు.

బాబు అసలు ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, మరి పట్టుబడి అప్పుడు?"

నాన్న పిల్లలకి అబద్ధాలు చెప్పే మనిషి కాదు. మాకూ చెప్పలేదు. "చెరువులోకి వెళ్ళాక ఏది నీదో ఏది నాదో నాకు తెలీదురా. గుంటలో ఉన్నన్నాళ్ళు గుంటలో ఉంటాయి. పట్టుబడి అప్పుడు చూద్దాం."

వాడు కాసేపు ఆలోచించి, ముక్కు మీద మచ్చ ఉంటుంది కదా, గుర్తు పట్టొచ్చన్నాడు. నాన్న సరేనన్నాడు. ఆ మచ్చ మంచి నీళ్ళలో మానిపోతుందని ఇద్దరం చెప్పలేదు.

అప్పుడే మా ఆయన ఖాళీ అయ్యే తొట్టి గురించి కలలు కంటున్నారు. ఆస్కార్ జత అన్నారు. అదీ అడుగు దాకా పెరిగేదే, ఆస్కార్‌కి మా ఇంట్లో ఆస్కారం లేదని చెప్పేశాను. గప్పీలు, టెట్రాలు, లేదా మన దేశపు చేపే అయిన జీబ్రా డానియోలు. రెండంగుళాలు మించకూడదు. నాన్నయితే మా కాలువలో దొరికే పరిగెలు తెస్తానంటున్నాడు. అవి వెండి రేకుల్లా ఎంత బావుంటాయో ఇక్కడివాళ్ళకి తెలీదట.

ఇక సక్కర్. దాన్ని నాన్న చచ్చినా తీసుకెళ్ళనన్నాడు. "అది నా గట్టు ఎక్కడానికి వీల్లేదు." తొట్టిలో పాకుడు తింటుందని, శుభ్రం చేస్తుందని చెప్పి ఇచ్చిన చేప అది. నిజానికి నాలుగింటిలో ఎక్కువ రెట్ట వేసేది అదే. పొద్దున చూస్తే రాళ్ళ మీద గోధుమ రంగు దారాలు దారాలుగా ఉంటుంది. చేతి పొడవు, అంటే ఒకటిన్నర అడుగు దాకా పెరుగుతుంది. ఒళ్ళంతా చిప్పల కవచం, రెక్కలకి ముళ్ళు. ఇలాగే ఎవరి తొట్టిలోంచో బయటపడి మన చెరువుల్లోకి చేరితే వలలు చిరిగిపోతున్నాయని, గట్టుల్లో బొరియలు చేస్తోందని మా వైపు గోల. పేపర్లలో దెయ్యం చేప అని రాసేది దీన్నే. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు నీళ్ళలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్ళు పట్టుకుని ఇది ఎక్కడెక్కడికి పాకిందో వెతికితే తూర్పు కనుమల్లో చాలాచోట్ల తేలింది. తినేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు, వదలడానికి లేదు. పాపం దాని తప్పేమీ లేదు, అద్దానికి నోరానించుకుని కదలకుండా మా మాటలన్నీ వింటున్నట్టే ఉంది.

రాత్రి భోజనాలయ్యాక మా ఆయన కొట్టుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. సక్కర్‌ని వెనక్కి తీసుకుంటారా, డబ్బులేమీ వద్దు అని.

"పెద్ద సక్కర్లు వద్దు సార్, ఇక్కడే వదిలేసి వెళ్ళినవి చాలా ఉన్నాయి," అన్నాడతను. "మీకంతగా ఇబ్బందిగా ఉంటే ఐదడుగుల ట్యాంకు మంచిది వచ్చింది. మీ పాతది ఎక్స్చేంజ్‌లో తీసుకుంటా. జతకి ఇంకో సక్కర్ ఫ్రీగా ఇస్తా."

మా ఆయన ఓ క్షణం ఆగి "ఎంతవుతుంది?" అన్నారు. ఫోన్ లాక్కుని కట్ చేశాను.